నలభై కుర్చీలకు నేను చేసిన మేలు

ఇది చదివే ముందు మీరు కూర్చున్న కుర్చీని ఒకసారి కదిపి చూసుకోండి. గట్టిగా ఉంటేనే ముందుకు సాగండి. ఎందుకంటే నేను చెప్పబోయేది నలభై టేకు కుర్చీలను, ఒక రిటైర్డు జడ్జిగారిని, ఎనిమిది మంది కూటినీ మూడంటే మూడు రోజుల్లో ఎట్లా నేలమట్టం చేశానో ఆ సంగతి. తుఫానుకైనా ఇంతకంటే ఎక్కువ వ్యవధి కావాలి. పైగా తుఫాను పని ముగించుకుని వెళ్ళిపోతుందే తప్ప, తనకు ఎవరైనా శాలువా కప్పుతారేమోనని ఎదురు చూడదు. నేను చూశాను.

తొంభైల చివరి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. సమాజ సేవ చదువులో ఎమ్మే పట్టా పుచ్చుకుని, జేబులో రెండు రంగుల పెన్నులు పెట్టుకుని, ఎవరికి మేలు చేద్దామా అని తిరుపతి వీధుల్లో తిరుగుతున్న రోజులు. రేణిగుంట రోడ్డులో మూతబడిన నూనె మిల్లు షెడ్డు ఒకటి ఉండేది. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు దాన్ని అద్దెకు తీసుకుని, చూపు లేనివాళ్ళకు పేము అల్లిక నేర్పించి, పని ఇప్పిస్తుండేవారు. పాత కాలేజీల్లో, కోర్టు కచేరీల్లో టేకు కుర్చీలు చూసే ఉంటారు. కూర్చునే చోట జల్లెడలాగా పేము బద్దలు అల్లి ఉంటాయి. ఆ అల్లిక తెగిపోతే మళ్ళీ కొత్తగా అల్లి ఇవ్వడం వీళ్ళ పని. అల్లేవాళ్ళు ఎనిమిది మంది. ఎవరికీ చూపు లేదు. చూపు ఉంది కదా అని నన్ను మేనేజరుగా పెట్టారు. ఆ ఒక్కటి తప్ప నాకు వేరే అర్హత ఏమీ లేదన్న సంగతి హెడ్మాస్టరుగారికి ఆలస్యంగా తెలిసింది. నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఎనిమిది మందికీ పెద్ద మునిరత్నం. యాభై దాటిన మనిషి. షెడ్డుకు రాకముందు పద్దెనిమిదేళ్ళు కాట్పాడి ప్యాసింజరులో పాటలు పాడుతూ చెయ్యి చాపి బతికాడు. ఇప్పుడు ఎవరైనా పాడమన్నా పాడడు. కొడుకును చిత్తూరులో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. వారానికి ఒకసారైనా నాకీ మాట చెప్పేవాడు.

"సామీ, నా కొడుకు ఇస్కూల్లో ఫారం రాయమన్నారంట. తండ్రి ఏం పని సేస్తాడని ఆడ ఒగ గీత ఉంటాది గదా. ఇన్నేండ్లూ దాన్ని ఖాళీగా ఇడ్సిపెట్టేవోడు. ఈ ఏడు 'కుర్సీల పని' అని రాసినాడంట."

"మంచిదే కదా మునిరత్నం."

"మంచిదే. ఆ గీత మళ్ళా ఖాళీ కాకుండా సూసుకుంటే సాలు."

రెండో మనిషి నాగభూషణమ్మ. అందరూ భూషణక్క అనేవారు. తన నోరు మంచిది కాదని ఆమే ముందుగా హెచ్చరిస్తుంది, తర్వాత నిరూపిస్తుంది. అల్లికలో మాత్రం ఆమె వేళ్ళను మించినవి ఆ షెడ్డులో లేవు. మిగతా ఆరుగురూ వీళ్ళిద్దరి మాట మీద నడిచేవాళ్ళు. నా మాట మీద నడిచింది గోడ గడియారం ఒక్కటే, అదీ నేను కీ ఇచ్చిన రోజున.

ఆ ఏడు కార్తీకంలో చిత్తూరులోని ఒక పాత కాలేజీ నుంచి నలభై కుర్చీలు వచ్చాయి. వాళ్ళ వార్షికోత్సవం మంగళవారం. ఆ రోజుకు కుర్చీలు సిద్ధమై, వాళ్ళకు నచ్చితే, కాలేజీలోనూ హాస్టల్లోనూ ఉన్న మిగతా నాలుగు వందల కుర్చీలూ మాకే ఇస్తామన్నారు. ఎనిమిది మందికీ రెండేళ్ళ పని. నచ్చకపోతే షెడ్డు మూసెయ్యడమే. హెడ్మాస్టరుగారు తన పింఛనుతో లాగినంత కాలం లాగి, "ఇది కూడా రాకపోతే ఇంక నా వల్ల కాదయ్యా" అని అందరి ముందూ చెప్పేశారు. అంటే మునిరత్నం మళ్ళీ రైలెక్కాలి. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. నాకు తెలియదని చెప్పుకునే అవకాశం లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, లేకపోతే నా ఘనత మీకు పూర్తిగా అర్థం కాదు. ఆ కుర్చీలకు కూర్చునే చట్రం విడిగా వస్తుంది. చట్రాన్ని ఊడదీసి, దాని మీద పేము అల్లి, తిరిగి కుర్చీలో దించాలి. కుర్చీ లోపల వేలెడు వెడల్పు అంచు ఉంటుంది, చట్రం దాని మీద కూర్చుంటుంది. ఆ కుర్చీలు ఒక్కసారి చేసినవి కావు, ఒక్కరు చేసినవీ కావు. చూడటానికి అన్నీ ఒకటే. కానీ ఏ కుర్చీ చట్రం ఆ కుర్చీకే పడుతుంది. ఇంకో కుర్చీలో పెడితే దిగనైనా దిగదు, లేదా అంచు అందక జారిపోతుంది.

మరి నలభై కుర్చీలూ నలభై చట్రాలూ విడదీశాక, ఏది దేనిదో చూపు లేనివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? మీకు ఈ ప్రశ్న వచ్చింది. నేను చేరి నాలుగు నెలలైనా నాకు రాలేదు. కుర్చీలు దిగిన రోజే మునిరత్నం చిన్న కత్తి తీసుకుని, ప్రతి కుర్చీ వెనక కాలి లోపలి వైపున గాట్లు కోసేవాడు. సరిగ్గా అవే గాట్లు దాని చట్రం కింద కూడా కోసేవాడు. ఒకదానికి మూడు నిలువు గాట్లు, ఒకదానికి ఒక అడ్డం రెండు ఏటవాలు, ఇట్లా నలభై రకాలు. బొటనవేలితో తడిమితే జత దొరికిపోతుంది. ఇదంతా నా కళ్ళ ముందే జరిగేది. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ హెడ్మాస్టరుగారికి ఇవ్వాల్సిన రిపోర్టులో ఉండేవి.

శనివారం సాయంత్రానికి నలభై చట్రాల అల్లికా పూర్తయింది. మునిరత్నం చేతులు కడుక్కుని వచ్చాడు.

"అయిపాయ సామీ. సోమవారం పొద్దన్నే వొచ్చి సట్రాలు దించేస్తే సరి. గంట పని. వ్యాను మద్దేన్నానికి గదా వొచ్చేది, నింపాదిగా పంపీచ్చు. నువ్వు రేపు ఇంటికాడ సుకంగా పండుకో."

ఆ ఆఖరి మాట విని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మీరు కూడా వేరే పని చూసుకునేవారు.

ఆదివారం తెల్లవారగానే నాలో సేవాభావం నిద్ర లేచింది. ఇంత పెద్ద పని కదా, వాళ్ళ కోసం నేనేమైనా చెయ్యాలి కదా అనిపించింది. ముసురు పట్టిన ఆకాశం కింద గొడుగు వేసుకుని షెడ్డుకు వెళ్ళాను. ఒక కుర్చీని తిరగేసి చూశాను. వెనక కాలి మీద కత్తి గాట్లు. ఇంకోటి చూశాను, దానికీ గాట్లే. చట్రాలు చూశాను, వాటి కిందా గాట్లే. నా గుండె కరిగిపోయింది. పాపం, చూపు లేదు కదా, పని చేస్తుంటే కత్తి జారి ఉంటుంది అనుకున్నాను. నలభై కుర్చీల మీద, నలభై చట్రాల మీద, ఒకే చోట, ఒకే కొలతలో కత్తి ఎట్లా జారుతుందని నాకు అనుమానం రాలేదు. ఎమ్మేలో ఆ పాఠం లేదు.

వెంటనే పోయి వడ్రంగి చెంగలాచారిని పిలుచుకొచ్చాను.

"ఏంది సారూ, ఆదివారం పూట?" అన్నాడు, కళ్ళు నులుముకుంటూ.

"ఈ గాట్లు చూడు ఆచారీ. ఇట్లాగే పంపిస్తే మన పరువు పోతుంది. అన్నిటికీ ఉప్పుకాగితం పట్టి, లప్పం పెట్టి, పైన వార్నీషు కొట్టాల."

ఆచారి ఒక కుర్చీ కాలు పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇవి తెలిసి కోసినట్టుండాయి సారూ. కత్తి జారితే ఇంత కుదురుగా జారతాదా?"

"చూపు లేనివాళ్ళు ఆచారీ."

"అందుకే అంటా ఉండా. మునిరత్నాన్ని ఒగ మాట అడిగితే పోలా?"

"ఆయనకు కనపడని గాట్ల గురించి ఆయన్నేమని అడిగేది? బాధపెట్టినట్టు ఉంటుంది."

ఆచారి నా వంక చూసి, "నువ్వు సదువుకున్నోడివి సారూ" అని పనిలోకి దిగాడు. అది మెచ్చుకోలనుకుని నేను కూడా ఒక ఉప్పుకాగితం అందుకున్నాను. సాయంత్రం దాకా ఇద్దరం రుద్దాం. ఒక్క గాటు మిగల్లేదు. వార్నీషు కొట్టాక కుర్చీలన్నీ పెళ్ళికి తలంటి పోసుకున్న పిల్లల్లా నిగనిగలాడాయి. చెల్లాచెదురుగా ఉన్న చట్రాలను అందంగా నాలుగు దొంతరలు పేర్చాను. అది చాలదని, ఎనిమిది మందీ కూర్చునే చోట గోడ మీద పసుపు పచ్చ అట్టలు అంటించి, ఎర్ర అక్షరాలతో ఎవరి పేరు వాళ్ళకు ముచ్చటగా రాసిపెట్టాను. వాళ్ళు చూసి సంతోషిస్తారని. అవును, చూసి. నవ్వండి, నేనేమీ అనుకోను.

సోమవారం ఎనిమిది గంటలకు ఎనిమిది మందీ వచ్చారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని. గుమ్మంలోనే భూషణక్క ముక్కు మూసుకుంది.

"ఏందిది, ఆస్పత్రికి వొచ్చినామా?"

"వార్నీషు అక్కా. మీకోసం ఒక మంచి పని చేసిపెట్టినా."

"ఏం సేసినావు?" అని మునిరత్నం లోపలికి వచ్చి, చేతికి అందిన చట్రం తీసుకుని తిరగేశాడు. బొటనవేలితో కింద తడిమాడు. ఇంకోసారి తడిమాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకో చట్రం తీసుకున్నాడు. ముసురుకు వార్నీషు ఆరలేదు, వేలు అంటుకుని పటుక్కున ఊడి వస్తోంది. ఐదారు చట్రాలు చూశాక కుర్చీల దగ్గరకు పోయి కాళ్ళు తడిమాడు.

"గాట్లు యాడ పోయినాయి సామీ?"

"అన్నీ నున్నగా చేయించినా మునిరత్నం. ఒక్కటి కూడా లేదు. కత్తి జారితే ఏముంది, మనుషులమే కదా."

మునిరత్నం మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కూర్చుని, నాకు ఆ గాట్ల సంగతి చెప్పాడు. కోపం లేకుండా చెప్పాడు. చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. పూర్తిగా విన్నాక నేనూ ఆయన పక్కనే నేల మీద కూలబడ్డాను.

భూషణక్క అంది: "కత్తి జారిందని నీకెవురు సెప్పినారు నాయనా?"

"నేనే అనుకున్నానక్కా."

"పదేండ్లుగా ఈ సేతి ఏళ్ళతో బువ్వ తింటా ఉండా. ఒగ దినం జారలా. నువ్వు ఒగ దినం అనుకుంటే ఇంత పనాయ."

వ్యాను మూడు గంటలకు వస్తుంది. అక్కడి నుంచి మొదలైంది అసలు అవస్థ. ఒక్కో చట్రాన్ని తీసుకుని నలభై కుర్చీల్లో పెట్టి చూడటం. దిగదు. దిగినా ఆడుతుంది. ఆడకపోయినా ఒక మూల లేస్తుంది. "నాకు కళ్ళున్నాయి, నేను చూసి జత కలుపుతాను" అని నేను కూడా దిగాను. గంటసేపు చూశాను. నా కళ్ళకు నలభై చట్రాలూ కవలల్లాగా కనిపించాయి. నేను కలిపిన జతల్లో ఒక్కటీ నిలవలేదు. వాళ్ళు మాత్రం జానలు, బెత్తెలు పెట్టి కొలుస్తూ, మూలలు తడుముతూ, మధ్యాహ్నానికి ఇరవై మూడు జతలు కలిపేశారు. వాళ్ళను అట్లా వదిలేసినా కొంప నిలిచేది.

నేను వదల్లేదు. చట్రం కొంచెం పెద్దదై దిగకపోతే, ఆచారిని పిలిచి చిత్రిక పట్టించడం మొదలుపెట్టాను. దిగింది కదా అని సంబరపడ్డాను. కానీ ఆ చట్రం అసలు కుర్చీ ఎక్కడో దాని కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. ఇప్పుడు అందులో పెడితే జారిపోతుంది. నేను చెక్కించిన ప్రతి చట్రానికీ ఒక కుర్చీ అనాథ అయ్యింది. ఐదో చట్రం చెక్కుతుంటే మునిరత్నానికి ఆ చప్పుడు వినిపించింది.

"ఆచారీ, ఏం సేస్తా ఉండావు?"

"సారు సెక్కమన్నాడు."

మునిరత్నం చెయ్యి చాపి, చిత్రిక మీద పెట్టి ఆపాడు. "సామీ, నీకు దండం పెడతా. రొంతసేపు గమ్మున కూసో. ఇంగ మాకు సాయం సెయ్యబాక."

గమ్మున కూర్చున్నాను. రెండు గంటలకు ఇరవై ఎనిమిది జతలు తేలాయి. మిగిలిన పన్నెండింటిలో నా చిత్రిక మహిమ ఉంది. అప్పుడు మునిరత్నం నన్ను షెడ్డు బయటకు పిలిచాడు.

"ఆ కాలేజీ పెద్దాయనకు ఫోన్ సెయ్యి. రెండు దినాలు గడువడుగు. నింపాదిగా కూసుంటే ఈ పన్నెండిటికీ కొత్త అంచులు కొట్టిచ్చి సరి సేస్తాం. తప్పు మాదేనని సెప్పు. నీ పేరు ఎత్తద్దులే. మేమంటే ఆయన కోపం సేసుకోడు."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేరుగా రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. కాలేజీ ప్రిన్సిపాలుగారే ఫోను తీశారు.

"ఏమయ్యా, కుర్చీలు ఎంతవరకు వచ్చాయి? మీవాళ్ళకు ఎనిమిది శాలువాలు తెప్పించాం. నీకూ ఒకటి ఉంది."

నోరు తెరిచాను. నాకూ శాలువా అన్న మాట ఒక్కటే చెవిలో పడింది.

"అన్నీ సిద్ధం సార్" అన్నాను.

"ఏమన్నా ఇబ్బంది ఉంటే చెప్పు. గొంతు అదోలా ఉంది."

"జలుబు సార్. ముసురు కదా."

ఫోను పెట్టేశాను. షెడ్డుకు తిరిగి వచ్చేటప్పటికి ఎనిమిది మందీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏమన్నాడు?" అన్నాడు మునిరత్నం.

"ఒప్పుకోలేదు. రేపటికే కావాలంట."

"అంత కచ్చితమైన మనిసా?" అంది భూషణక్క.

"పోన్లే అక్కా, పెద్దోళ్ళకు వాళ్ళ అగసాట్లు ఉంటాయి" అని మునిరత్నం ఆయన్ని వెనకేసుకొచ్చాడు. నేను గోడకున్న పసుపు అట్టలు చూస్తూ నిలబడ్డాను.

ఆ పన్నెండు కుర్చీల్లోనూ చట్రాల చుట్టూ పుల్లముక్కలు దూర్చి, జిగురు పోసి, చెక్కిన గుర్తులు కనపడకుండా ఇంకో రెండు పూతలు వార్నీషు కొట్టించాను. వ్యాను ఎక్కించేటప్పుడు డ్రైవరుకు మరీ మరీ చెప్పాను. "బాగా మెరిసే పన్నెండూ వెనక వరసలో వెయ్యమని చెప్పు. ఆ వరసలో ఎవరూ కూర్చోకపోయినా పర్వాలేదని చెప్పు."

డ్రైవరు ఆ మాట కాలేజీ అటెండరుకు చెప్పాడట. అటెండరు తెలివైనవాడు. బాగా మెరిసే కుర్చీలు వెనక వెయ్యమనే మనిషి ఎక్కడైనా ఉంటాడా, డ్రైవరు తప్పు విన్నాడు అనుకున్నాడు. ఆ పన్నెండు కుర్చీలూ తీసుకుపోయి వేదిక మీద వేశాడు.

మంగళవారం మేము బస్సు దిగి కాలేజీ హాల్లోకి వెళ్ళేటప్పటికి ప్రార్థన అయిపోయింది. ఎనిమిది మందినీ రెండో వరసలో కూర్చోబెట్టారు. వేదిక మీద పన్నెండు మంది పెద్దలు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక నా పన్నెండు కుర్చీలూ ట్యూబులైటు వెలుతురులో తళతళ మెరుస్తున్నాయి. నేను లేచి అరవాలనుకున్నాను. మళ్ళీ అదే గొంతు, అదే జలుబు.

అందరూ కూర్చున్నారు.

ముఖ్య అతిథి ఒక రిటైర్డు జడ్జిగారు. మంచి భారీ విగ్రహం. ఆయన కూర్చోగానే చట్రం అంచు దాటి ఒక్కసారిగా కిందికి దిగింది, చట్రంతో పాటు ఆయనా దిగారు. మోకాళ్ళు గడ్డానికి ఆని, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఉండిపోయాయి. పక్కనున్న ట్రస్టీగారు ఆయన్ని లేపుదామని లేచారు. తడి వార్నీషు మహిమ వల్ల ఆయన చట్రం కూడా పంచెకు అంటుకుని ఆయనతో పాటు లేచింది. ఆయన వెనక్కి తిరిగి అదేమిటో చూడబోతే అదీ ఆయనతో పాటు తిరిగింది. మూడో కుర్చీ, నాలుగో కుర్చీ వరసగా కూలాయి. మిగతావాళ్ళు ముందుచూపుతో తమంతట తామే లేచి నిలబడ్డారు. ఆ సభ ఆసాంతం నిలబడే జరిగింది. ప్రసంగాలు అంత క్లుప్తంగా ముగిసిన వార్షికోత్సవం ఆ కాలేజీలో అంతకుముందు లేదని తర్వాత విన్నాను.

హాల్లో పిల్లలు పడీ పడీ నవ్వారు. మీరూ నవ్వి ఉంటారు. రెండో వరసలో మాత్రం ఇట్లా జరిగింది.

"ఏంది ఆ సప్పుడు?" అంది భూషణక్క.

"మైకు పడిందక్కా" అన్నాను.

"మైకు కాదు" అన్నాడు మునిరత్నం. "సట్రం జారింది. అదిగో ఇంగోటి. పిల్లోళ్ళు ఎవురిని సూసి నవ్వుతా ఉండారు సామీ? మనల్నా?"

అంతలో శాలువాల సమయం వచ్చింది. ఆ ప్రిన్సిపాలుగారు మర్యాదస్తుడు, ఎనిమిది మందినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు, అందుకని ఎవరూ కొట్టలేదు. మునిరత్నం శాలువా కప్పించుకుని, తల వంచి దండం పెట్టాడు. నా శాలువా నాకూ కప్పారు. అంత బరువైన బట్ట నేను ఇంతవరకు మొయ్యలేదు.

సభ అయ్యాక ప్రిన్సిపాలుగారు మమ్మల్ని వరండాలోకి పిలిచారు. మునిరత్నం చెయ్యి నా భుజం మీద ఉంది, దారి కోసం.

"నాకు మీ పని మీద కోపం లేదు" అన్నారాయన. "హాల్లో ఉన్న మీ కుర్చీల్లో నేను కూడా కూర్చుని చూశాను. ఎంత బాగున్నాయో. కానీ వేదిక మీద కింద పడింది మా ట్రస్టీలే. మిగతా కుర్చీలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు కొనమని ఇప్పుడే తేల్చేశారు. ఇంక నా చేతుల్లో లేదు."

"తప్పు మాదేనయ్యా" అన్నాడు మునిరత్నం. "రెండు దినాలు గడువిచ్చుంటే సరి సేసుంటాం. మీకు కుదరదంటిరి గదా."

ప్రిన్సిపాలుగారు తెల్లబోయారు. "నన్నెవరు అడిగారు? నిన్న ఫోన్లో నేనే ఇబ్బంది ఏమన్నా ఉందా అని అడిగానే. రెండు రోజులు కాదు, రెండు వారాలు ఇచ్చేవాణ్ణి. బెంచీలు వేసుకుని సభ జరుపుకునేవాళ్ళం."

నా భుజం మీది చెయ్యి కదల్లేదు. తర్వాత మునిరత్నం దాన్ని తీసేశాడు. విసురుగా కాదు, ఎవరి వస్తువో పొరపాటున పట్టుకుని తిరిగి పెట్టినట్టు మెల్లగా తీశాడు. అటెండరు గొంతు వినిపించిన వైపు తిరిగి, "బస్టాండుకు యాడ నుంచి పోవాల అప్పా? రొంత దూరం తోడు రా" అన్నాడు. ఎనిమిది మందీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని అటెండరు వెంట వెళ్ళారు. నేను శాలువా కప్పుకుని వాళ్ళ వెనక నడిచాను. తిరుపతి దాకా బస్సులో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఏమైనా తిట్టండి అని నేనూ అడగలేకపోయాను.

రెండు నెలలకు షెడ్డు మూసేశారు. ఇద్దరు ముగ్గురు తిరుచానూరు వైపు పూలు కట్టే పనికి పోయారు. మునిరత్నానికి ఏ పనీ దొరకలేదు. ఆయన మళ్ళీ ఎక్కడికి వెళ్ళి ఉంటాడో మీకు తెలుసు, నా చేత చెప్పించకండి. ఇది రాస్తూ ఎన్నిసార్లు నవ్వించాలని చూసినా ఈ చోటుకు వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. ఎనిమిది మంది కూడు నేను తీసేశాను. వాళ్ళ మీద పగబట్టినవాడు కూడా అంత శ్రద్ధగా తియ్యలేడు.

తాళం వేసే రోజున అందరూ వచ్చారు. నేను ఇంక ఉండబట్టలేక మునిరత్నం చేతులు పట్టుకుని ఏడ్చాను. తప్పంతా నాదేనని, గాట్లు చెరిపింది ఒక తప్పైతే ఫోన్లో అబద్ధం చెప్పింది అంతకంటే పెద్ద తప్పని, క్షమించమని అడిగాను.

ఆయన చెయ్యి విడిపించుకుని నా తల మీద పెట్టాడు.

"నీ మీద కోపం లేదు సామీ. దిగులుగా ఉండాది. మాకు కండ్లు లేవని ఆ హెడ్మాస్టరయ్య జాలిపడి, షెడ్డు పెట్టి, ఏలు పట్టుకుని పని నేర్పిచ్చినాడు. నీ మాదిరోళ్ళ కోసరం ఎవురన్నా యాడన్నా షెడ్డు పెట్టిండారా అని విచారిస్తా ఉండా. ఇంతవరకు దొరకలేదప్పా."

భూషణక్క పక్కనుంచి, "కష్టమే. దొరికినా మేనేజరు దొరకొద్దా?" అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, తూర్పుకు తిరిగి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరికీ, వాళ్ళను అడక్కుండా, ఎటువంటి మేలూ చెయ్యను. నిజం చెప్పాల్సిన చోట నాకు జలుబు చెయ్యదు. నన్ను నమ్మడానికి మీలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ఈ ప్రమాణాన్ని నా దగ్గర రాయించుకుని, చదివి వినిపించమని వేరే ఎవరినైనా అడగండి. నన్ను అడగకండి.